జూలై నాలుగు: కడవెండిలో తుపాకి మోగిన రోజు

గోడ క్యాలెండరులో జూలై 4 నల్ల అంకెే. ఆదివారం పడితే తప్ప ఆ రోజు సెలవు లేదు, పండుగ లేదు. తొలకరి పడ్డాక విత్తనాలు, ఎరువుల కోసం తిరిగే రైతుకు తేదీ గుర్తుండే కాలం కూడా కాదు. అయినా ఈ ఒక్క తేదీన జరిగిన సంగతులు రాసుకుంటూ పోతే మన జిల్లాలోని కడవెండి మొదలుకొని అమెరికా దాకా పొడుగాటి జాబితా అవుతుంది. అందులో పుట్టుకలు ఉన్నాయి, మరణాలు ఉన్నాయి, రెండు దేశాల స్వాతంత్ర్యం కూడా ఉంది. అయితే జిల్లా వాసులు ముందుగా తెలుసుకోవలసింది 1946 నాటి సంగతి.

గడీ ముందు

ఆ రోజు గురువారం. వ్యయ నామ సంవత్సరం, ఆషాఢం అప్పుడే మొదలైంది. ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉన్న కడవెండి అప్పట్లో నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లా జనగామ తాలూకా గ్రామం. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏలుబడిలోని ఊరు అది. ఆయనకు 40,000 ఎకరాల భూమి ఉండేదని ఆ పోరాటానికి నాయకత్వం వహించిన పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. కడవెండి గడీలో దొర తల్లి జానమ్మ ఉండేది. ఆమె పేరు చెబితే ఊరు వణికేదని ప్రతీతి.

వెట్టి అంటే ఏమిటో నేటి పిల్లలకు విడమరచి చెప్పవలసి వస్తున్నది. కుమ్మరి గడీకి కుండలు ఊరికే ఇవ్వాలి. చాకలి గడీ బట్టలన్నీ ఉతకాలి. మాదిగలు చెప్పులు, మోట తొండాలు కుట్టి ఇవ్వాలి, ఊరూరికి కబుర్లు మోయాలి. గొల్ల కురుమలు గడీలో పండుగ వచ్చినా, పెళ్ళి జరిగినా గొర్రెలు తోలుకు రావాలి. రైతు తన మడి ఎండుతున్నా ముందు దొర మడికే నీళ్ళు పెట్టాలి. సర్కారు అధికారి ఊళ్ళో మకాం వేస్తే ఆయన తిండి ఖర్చు సైతం ఊరి మీదే. ఇన్ని పనులకు కూలి అడిగే ఆచారమే లేదు. అడిగిన వాడికి గడీలో ఏమి జరిగేదో వేరే చెప్పనక్కర లేదు. యుద్ధ కాలంలో వచ్చిన లెవీ ధాన్యం వసూళ్ళు వీటికి తోడయ్యాయి. పెద్ద భూస్వాములు తప్పించుకునేవారు, చిన్న రైతు గాదె ఊడ్చి ఇచ్చేవాడు.

ఈ పరిస్థితుల్లో ఆంధ్ర మహాసభ ఊళ్ళలోకి వచ్చింది. జనం దాన్ని సంఘం అని పిలుచుకున్నారు. వెట్టి చేయబోమని, అక్రమ వసూళ్ళు కట్టబోమని సంఘం చెప్పించింది. పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సాగు చేసిన పంటను దొర మనుషులు కోసుకుపోకుండా కాపాడింది సంఘం కార్యకర్తలే. ఆ దెబ్బతో విసునూరు దొరకు కోపం ముదిరింది. కడవెండి సంఘం మీద కూడా కన్ను పడింది.

జూలై 4న దొర గూండాలు నలభై మంది దాకా తాగి, కర్రలు కత్తులు పట్టుకుని, సంఘం నాయకుల ఇళ్ళ మీద రాళ్ళు రువ్వారు. ఇలాంటి దౌర్జన్యం ఆ ఊరికి కొత్త కాదు. కాని ఈసారి జనం ఇళ్ళలో దాక్కోలేదు. చేతికందిన కర్రలు, వడిసెలలు పట్టుకుని నినాదాలు చేస్తూ ఊరేగింపుగా కదిలారు. ఊరేగింపు గడీ సమీపానికి రాగానే లోపలి నుంచి తుపాకులు పేలాయి. ముందు వరుసలో ఉన్న దొడ్డి కొమరయ్య పొట్టలో గుండు దిగి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఆయన అన్న మల్లయ్య కాలికి గాయమైంది. మరికొందరు కూడా గాయపడ్డారు.

కొమరయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడు. గొర్రెల కాపరి. ఆ తుపాకి చప్పుడుకు జనం చెల్లాచెదురు అవుతారని గడీ లోపలివారు అనుకుని ఉండాలి. జరిగింది వేరు. చుట్టుపక్కల ఊళ్ళవారు కూడా వచ్చి గడీని చుట్టుముట్టారు. దొర కొడుకు మరికొంత మంది గూండాలతో వస్తే వారిని వడిసెల రాళ్ళతో తరిమారు. చివరకు పోలీసులు వచ్చి, చర్య తీసుకుంటామని నమ్మబలికి జనాన్ని పంపేశారు. గడీలోని గూండాలు క్షేమంగా బయటపడ్డారు. ఆ తర్వాత కేసులు పెట్టింది ఎవరి మీదనయ్యా అంటే సంఘం వారి మీదనే!

అయితే కడవెండి కబురు ఆగలేదు. వారాల వ్యవధిలోనే నల్గొండ, వరంగల్ జిల్లాల్లో ఊరి వెంట ఊరు లేచింది. జనం జెండాలు పట్టుకుని గడీల ముందుకు వెళ్ళి ఇక వెట్టి లేదని ప్రకటించసాగారు. 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడుగా కొమరయ్య పేరే చెబుతారు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయంటే వాటి వెనుక ఆ గురువారం ఉన్నది. నిజాం కచేరీల్లో లెక్కలన్నీ ఫసలీలో నడిచేవి, జనానికి తిథి వారాలే తెలుసు. ఆనాడు అక్కడ ఉన్న వారిలో అది జూలై 4 అని ఎందరికి తెలిసి ఉంటుంది?

అదే రోజు మనీలాలో

విచిత్రం ఏమంటే సరిగ్గా అదే రోజున, అదే గురువారం, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో అమెరికా జెండాను దింపి ఆ దేశపు జెండాను ఎగరవేశారు. 1898 నుంచి అమెరికా ఏలుబడిలో ఉండి, మధ్యలో మూడేళ్ళు జపాను బూట్ల కింద నలిగిన దేశం అది. అమెరికా వారు తమ స్వాతంత్ర్య దినం రోజునే చూసి మరీ వారికి స్వాతంత్ర్యం ఇచ్చారు. అత్తగారింటి పండుగ నాడు కోడలికి పెట్టిన చీర వంటిది ఆ ముహూర్తం. ఫిలిప్పీన్స్ వారికి అది ఎంతో కాలం నచ్చలేదు. 1962లో అధ్యక్షుడు మకపగల్ స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చారు. 1898లో స్పెయిన్ మీద తిరగబడి తమకు తాము స్వతంత్రులమని చాటుకున్న రోజు అది. ఒకరు ఇచ్చిన తేదీ కన్నా తాము తెచ్చుకున్న తేదీయే మేలనుకున్నారు.

ఇంతకూ అమెరికా వారికి ఈ తేదీ ఎలా వచ్చింది? 1776 జూలై 4న వారి కాంగ్రెసు ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది. అది కూడా గురువారమే. నిజానికి విడిపోవాలన్న తీర్మానం రెండు రోజుల ముందు, జూలై 2నే నెగ్గింది. జాన్ ఆడమ్స్ అనే నాయకుడు ముందు ముందు జూలై 2ను పండుగ చేసుకుంటారని భార్యకు జాబు కూడా రాశాడు. ఆయన లెక్క తప్పింది. ప్రకటన రాసిన జెఫర్సన్, ఈ ఆడమ్స్ ఇద్దరూ అధ్యక్షులయ్యారు. ఇద్దరూ 1826 జూలై 4న, ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన నాడు, కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు. మరో మాజీ అధ్యక్షుడు మన్రో కూడా 1831లో అదే తేదీన పోయాడు.

మనుషులందరూ సమానులే అని రాసిన జెఫర్సన్ కింద జీవితకాలంలో ఆరు వందలకు పైగా బానిసలు ఉన్నారు. మన గడీల వెట్టికన్నా ఘోరం, మనిషినే కొనడం, అమ్మడం. న్యూయార్కు రాష్ట్రంలో బానిసలకు చివరకు విముక్తి దొరికింది 1827 జూలై 4న. ఆ నల్లవారు మాత్రం ఊరేగింపు మర్నాడు, జూలై 5న జరుపుకున్నారు. బానిసగా పుట్టి తప్పించుకుని పెద్ద వక్త అయిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో రోచెస్టర్ పట్టణంలో ఈ పండుగ గురించి ప్రసంగించింది కూడా జూలై 5నే. బానిసకు మీ జూలై నాలుగుతో ఏమి పని అని ఆయన తెల్లవారిని ముఖాన అడిగాడు. దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా ఆగవలసి వచ్చింది.

మన్యంలోనూ వెట్టే

మళ్ళీ మన తెలుగు నేలకు వస్తే, అల్లూరి సీతారామరాజు పుట్టింది 1897 జూలై 4న అని ప్రభుత్వాలు పాటిస్తున్నాయి. పుట్టిన ఊరు విశాఖ జిల్లా పాండ్రంగి, అది ఆయన తల్లిగారి ఊరు. తండ్రిది భీమవరం దగ్గరి మోగల్లు. సినిమా చూసినవారికి కథ తెలుసు. కాని ఆ కథకు మూలం కూడా వెట్టి అన్న సంగతి చాలామంది గమనించరు. అడవి చట్టాలతో మన్యంలో పోడు వ్యవసాయం మీద ఆంక్షలు వచ్చాయి. కొండ మీదికి రోడ్డు వేయించే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా బలవంతాన పని చేయించాడు. ఆ మంట మీదనే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చెట్టుకు కట్టి కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడు నిండలేదు. ఆయన అనుచరుల్లో ఒకరైన గాం మల్లుదొర జైలు నుంచి బయటపడి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

రెండు చోట్లా భాష ఒక్కటే, బాధ ఒక్కటే. ఒకచోట తెల్లదొర, ఇంకోచోట ఊరి దొర. ఇందులో జాతకాలు వెతకనక్కర లేదు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే, చరిత్రలో సంగతులు లక్షలు. ఏదో ఒక తేదీన కలవక తప్పదు.

మిగిలినవి క్లుప్తంగా. స్వామి వివేకానంద 1902 జూలై 4 రాత్రి బేలూరు మఠంలో తనువు చాలించారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. అమెరికా వెళ్ళే ముందు 1893 ఫిబ్రవరిలో ఆయన సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో ప్రసంగించారు. 1898లో కాశ్మీరులో ఉండగా అమెరికా శిష్యుల కోసం జూలై 4 మీదనే ఇంగ్లీషులో ఒక గేయం రాశారు. రేడియం కనుగొన్న మేరీ క్యూరీ 1934లో అదే తేదీన మరణించారు. 1943లో సింగపూరులో సుభాష్ చంద్రబోస్ స్వాతంత్ర్య సమితి నాయకత్వం చేపట్టినదీ ఆ రోజే.

పింగళి వెంకయ్య 1963 జూలై 4న విజయవాడలో కన్నుమూశారు. అదీ గురువారం. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన ఆయన పత్తి విత్తనాల మీద పరిశోధించి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. జపాను భాష నేర్చి జపాను వెంకయ్య అయ్యారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశంలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చి జెండా వెంకయ్యగా నిలిచిపోయారు. చివరి రోజులు పేదరికంలో గడిచాయి. ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది 2009లో, పోయిన 46 ఏళ్ళకు.

కొమరయ్య విషయంలోనూ ఆలస్యమే జరిగింది. హైదరాబాదు శివారు కోకాపేటలో ఆయన పేరిట కురుమ భవనం 2024లో తెరుచుకుంది. కడవెండిలో అమరుల స్థూపం ఉన్నది. చూడదలచినవారు జనగామ నుంచి సూర్యాపేట రోడ్డు మీద దేవరుప్పుల దాకా పోయి అడిగితే దారి చెబుతారు.