పాపికొండల్లో ఇద్దరం.. ఓ లైఫ్ జాకెట్ గొడవ

పెళ్లయ్యాక మా తొలి ట్రిప్ పాపికొండలకే. గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. ‘ఫొటోల్లో చీర కనిపించదు’ అంటూ మా ఆవిడ తీసేసింది. ‘సర్లే’ అని నేనూ తీసేశా.

కాసేపటికి కచ్చులూరు వచ్చింది. 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల బోటు మునిగింది ఇక్కడే. వరద గోదారిలో పదుల మంది ప్రాణాలు పోయాయి. బోటులో ఎవరూ మాట్లాడలేదు. తను జాకెట్ వేసుకుంది. నా బకిల్ కూడా తనే బిగించింది.

కొండల మధ్య గోదారి సన్నబడేచోట దిగిన సెల్ఫీలో చీర కనిపించదు. ఇంట్లో ఫ్రేమ్ కట్టించింది మాత్రం ఆ ఫొటోనే!

మీరూ జంటగా వెళ్తుంటే.. వరద తగ్గాకే వెళ్లండి. బోటు దిగేదాకా జాకెట్ తీయకండి.