పన్ను ఆడిట్, పన్ను బకాయి: అపోహలు – చట్టం చెప్పేది

ఉపోద్ఘాతం

ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు అందినప్పుడు కొందరు భయపడి అడిగినంతా చెల్లిస్తారు. మరికొందరు సమాధానమివ్వకుండా పక్కన పెడతారు. చట్టంలోని వేర్వేరు దశలను ఒకటిగా భావించడమే ఈ రెండు ధోరణులకూ మూలం. ఆ దశలను 1961 ఆదాయపు పన్ను చట్టం ఆధారంగా వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. 2025 నాటి కొత్త చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. అంతకు ముందరి పన్ను సంవత్సరాల వ్యవహారాలకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఆడిట్ వేరు, స్క్రూటినీ వేరు

‘పన్ను ఆడిట్’ అంటే అధికారుల తనిఖీ అన్నది మొదటి అపోహ. సెక్షన్ 44ఏబీ ప్రకారం నిర్ణీత పరిమితి దాటిన వ్యాపారులు, వృత్తి నిపుణులు తమ లెక్కలను చార్టర్డ్ అకౌంటెంట్ చేత పరీక్ష చేయించుకోవడమే పన్ను ఆడిట్. వ్యాపారానికి ఈ పరిమితి సాధారణంగా 1 కోటి రూపాయల టర్నోవరు; నగదు లావాదేవీలు 5 శాతానికి మించనప్పుడు 10 కోట్లు. అధికారి రిటర్నును పరిశీలించడం స్క్రూటినీ. అది సెక్షన్ 143(2) నోటీసుతో మొదలవుతుంది. ఆ నోటీసు వివరణ కోరడమే తప్ప నేరారోపణ కాదు. సెక్షన్ 143(1) కింద వచ్చే సమాచార పత్రం ఈ రెండింటికీ భిన్నమైనది. రిటర్నును కంప్యూటరు ద్వారా సరిచూసిన ఫలితాన్ని మాత్రమే అది తెలుపుతుంది.

డిమాండ్ తుది మాట కాదు

డిమాండ్ నోటీసులోని మొత్తాన్ని చెల్లించడం తప్ప మార్గం లేదన్నది రెండవ అపోహ. రికార్డులో స్పష్టంగా కనిపించే పొరపాటును సెక్షన్ 154 కింద సవరించమని కోరవచ్చు. ఉదాహరణకు, ఒక అధ్యాపకుని జీతం నుంచి యాజమాన్యం పన్ను మినహాయించి, ప్రభుత్వానికి జమ చేయలేదనుకుందాం. శాఖ రికార్డులో ఆ మొత్తం కనిపించక ఆయన పేరిట డిమాండ్ రావచ్చు. అయితే మినహాయించిన మేరకు ఆ పన్నును ఆయన నుంచి మళ్లీ వసూలు చేయరాదని సెక్షన్ 205 చెబుతుంది. మినహాయింపును రుజువు చేసే జీతపు పత్రాలు, బ్యాంకు వివరాలు ఇక్కడ కీలకం.

అప్పీలు వసూలును ఆపదు

అప్పీలు వేస్తే వసూలు దానంతటదే నిలిచిపోతుందన్నది అన్నింటికంటే నష్టం కలిగించే అపోహ. అప్పీలుకూ, డిమాండ్ చెల్లింపుకూ గడువు సాధారణంగా 30 రోజులే. ఆ గడువు దాటితే సెక్షన్ 220(2) ప్రకారం నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. రావలసిన రిఫండును కూడా బకాయికి సర్దుబాటు చేయవచ్చు. వసూలు నిలుపుదలకు సెక్షన్ 220(6) కింద విడిగా దరఖాస్తు చేయాలి. 2017 జులై 31 నాటి ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు మెమోరాండం ప్రకారం వివాదంలో ఉన్న మొత్తంలో 20 శాతం చెల్లిస్తే సాధారణంగా మొదటి అప్పీలు తేలేవరకు నిలుపుదల లభిస్తుంది.

బేరంతో తగ్గదు

అధికారితో మాట్లాడి అసలు పన్నును తగ్గించుకోవచ్చన్నది మరొక అపోహ. అధికారికి అటువంటి సాధారణ అధికారం లేదు. చట్టం ఇచ్చే వెసులుబాట్లు వేరు: సెక్షన్ 220(3) కింద గడువు పొడిగింపు లేదా వాయిదాలు, నిజమైన కష్టం వంటి షరతులు నెరవేరితే 220(2ఏ) కింద వడ్డీ తగ్గింపు. 2020, 2024 సంవత్సరాల ‘వివాద్ సే విశ్వాస్’ వంటి పథకాలు పరిమిత కాలానికి వచ్చిన ప్రత్యేక ఏర్పాట్లు మాత్రమే.

ముగింపు

నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చింది, ఏ తేదీన అందింది అనే రెండు అంశాలే తదుపరి మార్గాన్ని నిర్ణయిస్తాయి. భయంతో చెల్లించినవారు తమకు ఉన్న రక్షణను వినియోగించుకోలేకపోతారు. మౌనం వహించినవారు గడువుతో పాటు అప్పీలు హక్కునూ కోల్పోయే ప్రమాదం ఉంది.