పనిలేని రౌటరుకు విశ్రాంతి

నెట్‌వర్కుల నడుమ సమాచార ప్యాకెట్లకు త్రోవ చూపు యంత్రమే రౌటరు. ఆ విద్య నేర్వగోరు బాలునికి మూడు నాలుగు రౌటర్లయినను కావలెను; కొనుటకు మనబోంట్లకు సొమ్ము చాలదు. 2005వ సంవత్సరమున క్రిస్టోఫ్ ఫియో అను నాతడు డైనమిప్స్ అను ప్రోగ్రామును వెలువరించెను. అది సిస్కో 7200 తరగతి రౌటరు యొక్క ప్రాసెసరును ఇంటి కంప్యూటరులో అనుకరించును. అసలు రౌటరులో నడచు సాఫ్టువేరు ఫైలునే, అనగా ఇమేజినే, అందు నడపవచ్చును.

నేను మొదట రెండు రౌటర్లను నడపితిని. వానికి పనియేమియు చెప్పలేదు. అయినను కంప్యూటరు వేడెక్కి, లోని పంకా గోలపెట్టెను, చెడిపోయెనని భయపడితిని. కారణము వినుడు. పనిలేనపుడు రౌటరు సాఫ్టువేరు ఒక్కచోటనే తిరుగుచు పనికై కాచుకొనియుండును. అనుకరించు ప్రోగ్రామునకు అది వట్టి తిరుగుడని తెలియదు. నువ్వులు లేకున్నను గానుగెద్దు తిరిగినట్లు, ప్రతి యడుగును నడచి ప్రాసెసరునంతయు మ్రింగును. ఐడిల్‌-పీసీ యను సంఖ్య ఆ తిరుగుడు జరుగు తావును తెలుపును. దాని నిచ్చినచో ప్రోగ్రాము అచ్చట కొంత తడవు నిదురించును. ఒక్కొక్క ఇమేజికి ఒక్కొక్క సంఖ్య. జీఎన్ఎస్3 అను ప్రోగ్రాము దానిని వెదకిపెట్టును.

ఇమేజి మాత్రము సిస్కో కంపెనీ సొత్తు, డైనమిప్స్‌తో రాదు. లైసెన్సు లేక ఎవరివద్దనో తెచ్చుకొనుట దొంగసొమ్మే యని నా తలంపు. అట్టివారు లైనక్సుపై నడచు ఎఫ్ఆర్‌రౌటింగ్‌ను ఉచితముగా వాడుకొనవచ్చును. దాని యాజ్ఞలు సిస్కో యాజ్ఞలను మిక్కిలి పోలియుండును. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ పాఠములు రెండును దానిపై సాగును.