జపాను ఎర్రలు, కెనడా కస్టమ్స్

"వానపాములు డబ్బులిచ్చి కొనడమేంటిరా?"

మొన్నటి వేసవిలో మా నాన్నగారు కెనడా వచ్చిన రెండో వారంలో నన్నడిగిన ప్రశ్న ఇది. సిమ్కో సరస్సుకు పోయే దారిలో ఒక బెయిట్ షాపులో ఆగాం. ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాల్లా వరసగా పేర్చిన డబ్బాలు, ఒక్కోదాంట్లో డజను వానపాములు. ఒంటారియో నైరుతి ప్రాంతపు పొలాల్లో రాత్రిపూట తలకు లైట్లు కట్టుకుని వీటిని ఏరతారనీ, ఇక్కణ్ణుంచి అమెరికాకు లక్షల్లో ఎగుమతి అవుతాయనీ చెప్తే ఆయన నమ్మలేదు. మా ఊళ్ళో కొబ్బరితోటలో పాదు పక్కన గునపంతో రెండు పెళ్ళలు లేపితే చాలు, చేతినిండా ఎర్రలు.

అప్పుడు నేను గొప్పగా, "వీటితో పనిలేదు నాన్నా, జపాను నుంచి ప్లాస్టిక్ ఎర్రలు తెప్పిస్తున్నాను, వచ్చేస్తాయి" అన్నాను. ఆ "వచ్చేస్తాయి" వెనకాల జరిగిన కథే ఈ వ్యాసం. చేపలు పట్టని వాళ్ళు కూడా చదవచ్చు. బయటి దేశాల నుంచి చీరలు, పుస్తకాలు, కెమెరా సామాన్లు, ఏవి తెప్పించుకున్నా లెక్క ఇదే.

ముందు ఈ వస్తువేమిటో చెప్పాలి. మన గాలానికి ఎర్రనో, పిండిముద్దనో గుచ్చుతాం. ఇక్కడ బాస్ చేపల కోసం మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన ఉత్తుత్తి వానపాము, చిన్న చేప, కప్ప, రొయ్య లాంటి వాటిని గుచ్చుతారు. 1949లో ఒహాయోలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన ఇంట్లో వంటగదిలోనే వీటిని పోతపోసి మొదలుపెట్టాడు. తరవాత జపాన్ వాళ్ళు ఈ పనిని ఒక కళ చేసేశారు. తమాషా ఏమిటంటే బాస్ జపాన్ చేప కానే కాదు. 1925లో అమెరికా నుంచి తెచ్చి ఆషి సరస్సులో వదిలారు. ఇప్పుడదే అక్కడ స్థానిక చేపలను తినేస్తోందని చట్టాలు పెట్టి తిప్పలు పడుతున్నారు. ఆ చేపను పట్టే ఎరలు మాత్రం ప్రపంచానికంతా అమ్ముతున్నారు!

జపాన్ రకాల్లో కొన్ని ఇక్కడి దుకాణాల్లో దొరకవు, దొరికినా ధర ఎక్కువ. అందుకే నాలుగేళ్ళ క్రితం మొదటిసారి నేరుగా అక్కడి దుకాణంలో ఆర్డర్ పెట్టాను. సరుకు 64 కెనడా డాలర్లు. కొరియర్‌లో అయిదు రోజుల్లో వచ్చేసింది. ఆహా అనుకుంటుండగా గుమ్మంలో ఆ మనిషి ఇంకో 38 డాలర్ల 27 సెంట్లు కట్టమన్నాడు. 64 డాలర్ల వస్తువుకు 38 డాలర్ల పన్నా అని నాకు తెలిసిన తిట్లన్నీ ప్రభుత్వాన్ని తిట్టుకున్నాను. బిల్లు జాగ్రత్తగా చూసింది మర్నాడు. ప్రభుత్వానికి పోయింది 8 డాలర్ల 32 సెంట్లే, అంటే ఒంటారియోలో మనం అన్నిటి మీదా కట్టే 13 శాతం హెచ్‌ఎస్‌టీ. మిగిలిన 29 డాలర్ల 95 సెంట్లు కొరియర్ వాళ్ళ రుసుములు. మన తరఫున కస్టమ్స్ కాగితాలు నింపినందుకు ఒకటి, మన పన్ను వాళ్ళు ముందుగా కట్టినందుకు ఒకటి. నేను చాలామంది మిత్రులను అడిగాను, అందరూ దీన్ని "కస్టమ్స్ వేశారు" అనే అంటారు. కస్టమ్స్ వేరు, కొరియర్ వేరు. ముందు ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

అదే ప్యాకెట్టు పోస్టులో వచ్చి ఉంటే? పన్ను అదే 8.32. దాని మీద కెనడా పోస్టు తీసుకునే రుసుము 9.95. మొత్తం 18.27. సరిగ్గా ఇరవై డాలర్లు తేడా. పోస్టుకు రోజులు ఎక్కువ పడతాయి, నిజమే. 2024 నవంబరు 15 నుంచి డిసెంబరు 17 దాకా పోస్టల్ సమ్మె జరిగినప్పుడు అసలు కదలనే లేదు. కానీ తొందర లేని వస్తువుకు నేను పోస్టే అడుగుతాను.

ఇక పన్ను ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు పడదు అన్నది. జపాను, చైనా, ఇండియా లాంటి దేశాల నుంచి వచ్చే వస్తువు విలువ 20 కెనడా డాలర్లు దాటకపోతే సుంకమూ లేదు, పన్నూ లేదు. ఇక్కడ రెండు చోట్ల మనవాళ్ళు పప్పులో కాలేస్తారు. ఒకటి, అవి కెనడా డాలర్లు. అమెరికా డాలర్లలో 18 అని చూసి ధీమాగా ఆర్డర్ పెడితే మార్చేసరికి ఇరవై దాటిపోతుంది. రెండోది, ఇది ఆదాయపు పన్నులో మినహాయింపు లాంటిది కాదు. 25 డాలర్ల వస్తువు వస్తే మిగతా అయిదు మీదే పన్ను వేస్తారనుకుంటాం. కాదు, మొత్తం పాతిక మీదా వేస్తారు.

అమెరికా, మెక్సికోల నుంచి వచ్చే వాటికి 2020 జులై 1న కొత్త వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చినప్పటి నుంచి లెక్క మారింది. 40 డాలర్ల దాకా పన్ను లేదు, 150 డాలర్ల దాకా సుంకం లేదు. అయితే ఇది కొరియర్‌లో వస్తేనే! పోస్టులో వస్తే పాత ఇరవై డాలర్లే. జపాన్ సరుకుకు పోస్టు మేలు, అమెరికా నుంచి వచ్చే చిన్న సరుకుకు కొరియర్ మేలు. ఎవరు పెట్టారో గానీ బుర్రకు పదును పెట్టే నిబంధన.

సుంకం సంగతి వేరు. అది వస్తువును బట్టి, అది తయారైన దేశాన్ని బట్టి ఉంటుంది. గాలాలు, కర్రలు, రీళ్ళు, ఎరలు అన్నీ టారిఫ్ పట్టికలో 9507 అనే శీర్షిక కింద వస్తాయి. కొక్కేనికి ఒక వరస, రీలుకు ఒక వరస. జపాన్‌తో కెనడాకు 2018 డిసెంబరు 30 నుంచి పసిఫిక్ దేశాల ఒప్పందం అమల్లో ఉంది కాబట్టి నిజంగా జపాన్‌లో తయారైన దానికి ఆ ఒప్పందపు రేటు అడగవచ్చు. జపాన్ కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన అది జపాన్‌లో తయారైనట్టు కాదు, ప్యాకెట్టు వెనక చూడండి. నా మొదటి ప్యాకెట్టుకు సుంకం పడలేదు.

కొరియర్ రుసుము తప్పించుకునే దారి ఒకటుంది, కొంచెం కాళ్ళరిగే పని. ప్యాకెట్టు దేశంలోకి రాకముందే కొరియర్‌కు ఫోన్ చేసి "నా సరుకు నేనే విడిపించుకుంటాను" అని చెప్పాలి. వాళ్ళిచ్చే కాగితాలు, కొన్న బిల్లు, గుర్తింపు కార్డు పట్టుకుని సీబీఎస్‌ఏ, అంటే సరిహద్దు సేవల సంస్థ, ఆఫీసుకు వెళితే వాళ్ళు లెక్క కట్టి పన్ను తీసుకుని రసీదు ఇస్తారు. ఆ రసీదు కొరియర్‌కు చూపిస్తే సరుకు ఇస్తారు. నేను ఒకసారి చేశాను. ఆఫీసులో పని పావుగంట, కొరియర్‌ను ఫోన్‌లో ఒప్పించడానికి గంటన్నర. పెద్ద విలువ గల వస్తువైతే తప్ప మళ్ళీ చెయ్యను. (2024 అక్టోబరులో వచ్చిన కార్మ్ అనే కొత్త ఆన్‌లైన్ పద్ధతి వ్యాపారానికి దిగుమతి చేసుకునే వాళ్ళకు. సొంతానికి తెప్పించుకునే మనకు ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ నలుగురు మిత్రులకూ కలిపి తెప్పించి లాభానికి అమ్మితే అది వ్యాపారమే.)

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని.

నాన్నగారు మే నెలలో వచ్చారు, సెప్టెంబరు రెండో వారానికి తిరుగు టికెట్టు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన నీళ్ళల్లో చేపలు పట్టడం నాకు నేర్పింది ఆయనే. బెండు మునిగినప్పుడు ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు లాగాలో చెప్పింది ఆయనే. ఎమ్మెస్‌కని వచ్చి ఇక్కడే ఉండిపోయాను, పదమూడేళ్ళుగా ఆయనతో కలిసి గాలం వేసింది లేదు. ఈసారి ఆయనకు ఒక మంచి బాస్ పట్టించాలని జులై నెలాఖరులో 92 డాలర్ల సరుకు ఆర్డర్ పెట్టాను. పోస్టులోనే. దుకాణం నుంచి ఈమెయిల్ వచ్చింది: విలువ తగ్గించి, బహుమతి అని రాయమంటారా? నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రాయండి అన్నాను. అందరూ చేసేదేగా!

ఆగస్టు రెండో వారంలో ప్యాకెట్టు టొరంటో కేంద్రానికి చేరిందని ట్రాకింగ్ చెప్పింది. విదేశీ పోస్టును కస్టమ్స్ చూసే కేంద్రాలు మూడు, వాంకూవర్, టొరంటో, మాంట్రియల్. టొరంటోది పేరుకే టొరంటో, ఉన్నది మా మిస్సిసాగాలోనే. మా ఇంటి నుంచి కారులో పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల దూరం దాటడానికి దానికి నెల పట్టింది. పైన "బహుమతి, 15 డాలర్లు" అని చీటీ, లోపల దుకాణం వాళ్ళు మామూలుగా పెట్టే అసలు బిల్లు! చీటీ మీద ఒక మాట, లోపల ఒక మాట ఉంటే తెరిచినవాళ్ళు ఏమనుకుంటారు?

నాన్నగారు రోజూ సాయంత్రం, "వచ్చిందా?" అని అడిగేవారు. ఏం చెప్పాలి? నిజం రాసి ఉంటే పడేది 11 డాలర్ల 96 సెంట్ల పన్ను, 9.95 పోస్టు రుసుము. ఆ ఇరవై రెండు డాలర్లు మిగుల్చుకోబోయి ఈ పని చేశానని ఆయనకు చెప్పలేక "పోస్టు వాళ్ళు ఆలస్యం చేస్తున్నారు" అన్నాను. అదింకో అబద్ధం.

అసలు బహుమతి నియమం మంచిదే, దాన్ని సరిగ్గా వాడుకోవచ్చు. విదేశంలో ఉన్న మీ అన్నయ్యో, స్నేహితుడో మీకు పంపిన బహుమతి 60 డాలర్ల దాకా పన్ను లేదు. అంతకు మించితే, ఇక్కడ మాత్రం, పైన ఉన్న మొత్తానికే పన్ను. మద్యానికీ, పొగాకుకూ వర్తించదు. కానీ డబ్బు మీరు కట్టి దుకాణం చేత "బహుమతి" అని రాయించుకుంటే అది బహుమతి కాదు, తప్పుడు ప్రకటన. సరుకు జప్తు చేసే అధికారం వాళ్ళకుంది. మనలో చాలామంది దగ్గర నెక్సస్ కార్డులున్నాయి. కస్టమ్స్ ఉల్లంఘన నమోదైతే ఆ కార్డు పోవచ్చు. నెలకోసారి డెట్రాయిట్‌కో, సియాటిల్‌కో ఆఫీసు పని మీద వెళ్ళే వాళ్ళకు అది ఎంత పెద్ద దెబ్బో చెప్పక్కర్లేదు.

బఫెలోలో అద్దె మెయిల్‌బాక్సుకు తెప్పించుకుని శనివారం వెళ్ళి తెచ్చుకునే వాళ్ళూ ఇది గుర్తుంచుకోవాలి. 24 గంటలు బయట ఉంటే 200 డాలర్లు, 48 గంటలు దాటితే 800 మినహాయింపు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తే సున్నా. కారు డిక్కీలో ఏముందో చెప్పి, అడిగితే కట్టి వచ్చెయ్యడమే సుఖం.

పన్ను తప్పుగా వేశారనిపిస్తే? ప్యాకెట్టుతో ఈ14 అనే కాగితం వస్తుంది, లెక్కంతా అందులో ఉంటుంది. తీసుకోకుండా తిప్పి పంపవచ్చు. లేదా కట్టి తీసుకుని, 90 రోజుల్లోగా బీ2జీ ఫారంతో తిరిగి అడగవచ్చు. అందుకే బిల్లు, చెల్లించిన రుజువు పారెయ్యకండి.

చేపల వాళ్ళకు మాత్రమే పనికొచ్చేవి రెండు మాటలు. సీసం గుళ్ళు తెప్పించేటప్పుడు ఆలోచించండి. 50 గ్రాముల లోపు సీసపు గుళ్ళు, జిగ్గులు జాతీయ పార్కుల్లో దగ్గర ఉంచుకోవడమే నేరం, 1997 నుంచీ. వాటిని మింగి లూన్ పక్షులు చచ్చిపోతున్నాయి, మన డాలరు బిళ్ళ మీద ఉండే పక్షే. తెగిన ప్లాస్టిక్ ఎరలను నీళ్ళల్లో వదలకండి. కార్లెటన్ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళు నీళ్ళల్లో నానబెట్టి చూస్తే అవి కరగకపోగా ఉబ్బాయి. తూర్పు ఒంటారియోలోని చార్ల్‌స్టన్ సరస్సులో పట్టిన కొన్ని చేపల కడుపుల్లో కూడా దొరికాయి. తల్లిదండ్రులను తీసుకెళుతుంటే ఇంకో సంగతి. 65 దాటితే లైసెన్సు అక్కర్లేదన్నది కెనడాలో నివసించే పెద్దలకే. సందర్శకులుగా వచ్చిన మన పెద్దవాళ్ళకు తప్పకుండా కొనాలి. ఒక్కరోజు లైసెన్సు కూడా ఉంది. ఇంకొకటి, మనకు ప్రాణమైన కొరమీనును ఒంటారియోలో బతికుండగా దగ్గర ఉంచుకోవడం నిషేధం. ఇది విని నాన్నగారు చాలాసేపు నవ్వారు.

సెప్టెంబరు మొదటి శనివారం సిమ్కోకు మళ్ళీ వెళ్ళాం. నేను పాత ప్లాస్టిక్ ఎరలతో, ఆయన అదే బెయిట్ షాపు డబ్బాతో. మధ్యాహ్నానికి ఆయనకు రెండు స్మాల్‌మౌత్‌లు, పెర్చ్‌లు లెక్కలేదు. నాకు ఒక్క పెర్చ్. తిరిగొచ్చేటప్పుడు కారులో ప్యాకెట్టు ఎందుకు రాలేదో నిజం చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఇరవై డాలర్లంటే ఎంత?" అన్నారు. మన రూపాయల్లో చెప్పాను. "నేనిచ్చేవాణ్ణి కదరా" అన్నారు.

ఆయన విమానం ఎక్కిన నాలుగో రోజున ప్యాకెట్టు వచ్చింది, 92 డాలర్ల మీద పన్ను వేసిన కాగితంతో సహా. మారు మాట్లాడకుండా కట్టేశాను. అంతటితో పోయింది, అదృష్టం. ఫోన్‌లో చెప్తే, "డిసెంబరులో వస్తావుగా, రెండు తీసుకురా. మన కాలవలో వేసి చూద్దాం, కొరమీను ఏమంటుందో" అన్నారు. రెండు ప్యాకెట్లు ఇప్పటికే సూట్‌కేసులో పెట్టాను. వాటి పైన బిల్లు కూడా.