మెదడువాపు గుట్టు దోమల లెక్కలో..
కర్నూలు పరిశోధనల్లో కొల్లేటి సీమకూ పాఠాలు

ఏలూరు: వరిచేలో నిలిచిన నీరు, గట్టుపై తెల్లకొంగ, ఊరి చివర పందుల మంద, పాకలో పశువు. కొల్లేటి తీర గ్రామాల వారికి ఇవి నిత్యం కనిపించే దృశ్యాలే. జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌ అనే మెదడువాపు వ్యాధిని అధ్యయనం చేసే శాస్త్రవేత్తకు మాత్రం ఇవన్నీ ఒకే గొలుసులోని కడియాలు. తాడేపల్లిగూడెం మొదలుకొని ఏలూరు మీదుగా కైకలూరు వరకు ఈ గొలుసులో లోపించినది దాదాపు ఏదీ లేదు.

ఈ గొలుసును తెలుగునేలపై శ్రద్ధగా పరిశీలించిన వారిలో డాక్టర్‌ ఉపాధ్యాయుల సూర్యనారాయణ మూర్తి ఒకరు. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఆయన చాలాకాలం పరిశోధనలు సాగించారు. అనంతరం గువాహటిలోని జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ (నైపర్‌)కు సంచాలకులుగా వ్యవహరించారు. రసాయనశాస్త్ర సంస్థలో దోమల పరిశోధన ఏమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. దోమల నివారణకు వాడే మందుల్లో అత్యధికం రసాయనాలే కదా!

మెదడువాపు కేసులు తరచుగా నమోదైన కర్నూలు జిల్లాను ఆయన బృందం అధ్యయనానికి ఎంచుకుంది. ఏ నెలలో ఏ జాతి దోమ ఎంత సంఖ్యలో ఉన్నదన్నదే వారి మొదటి ప్రశ్న. ఇటువంటి అధ్యయనాల్లో సాధారణంగా చీకటి పడే వేళ పశువుల పాకల్లో, పొదల్లో వాలిన దోమలను గొట్టంతో పీల్చి పట్టుకుంటారు. ఒక మనిషి ఒక గంటలో ఎన్నింటిని పట్టాడన్నదే కొలమానం. చూడటానికి అల్పమైన పనిలా తోచినా, ఏళ్ల తరబడి తప్పకుండా చేస్తేనే ఆ లెక్కకు విలువ. ఈ అధ్యయన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమలతో దోమల సంఖ్యకు గల సంబంధాన్ని విశ్లేషించిన మరో పత్రం 2010లో ప్రచురితమైంది. మణిపూర్‌లో మలేరియా పీడిత ప్రాంతాలను కంప్యూటర్‌ సాయంతో వర్గీకరించే పద్ధతిపైనా ఆయన కృషి చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో బోదకాలుకూ, పేదరికానికీ ఉన్న ముడి ఆయన బృందం అధ్యయనాల్లో మరొకటి.

దోమ దారి ఇదీ..

మెదడువాపు వైరస్‌ను ప్రధానంగా మోసేది క్యూలెక్స్‌ ట్రైటీనియోరింకస్‌ అనే దోమ. దీనికి మురుగుకుంట కంటే వరిచేనే ఇష్టం. ఊడ్పులు పూర్తయి, పైరు ఇంకా కమ్ముకోక, ఎండ తగిలే పలుచని నీరు చేలో నిలిచి ఉన్న రోజుల్లో ఇది విరివిగా పెరుగుతుంది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండే డెల్టాలో ఆ రోజులు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. చేపల చెరువుల సంగతి వేరు. శుభ్రంగా ఉన్న చెరువులో దోమపిల్లలను చేపలే తినేస్తాయి. గట్ల వెంట గుర్రపుడెక్క, తుంగ పెరిగితే వాటి మాటున దోమపిల్లలు బతికిపోతాయి.

కొంగల జాతి పక్షుల రక్తంలో వైరస్‌ నిలుస్తుంది. వాటిని కుట్టిన దోమ పందిని కుడితే, పంది దేహంలో అది విపరీతంగా వృద్ధి చెందుతుంది. పందికి పెద్దగా జబ్బు చేయకపోవచ్చు. కానీ దాన్ని కుట్టిన దోమలన్నీ వైరస్‌ వాహకాలవుతాయి. పశువులను ఈ దోమ ఎంతో ఇష్టంగా కుడుతుంది గానీ, వాటిలో వైరస్‌ వృద్ధి చెందదు. మనిషి ఈ గొలుసుకు చివరి కొస. అతని నుంచి మరొకరికి సోకదు. సోకిన వారిలోనూ అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు. సుమారు 250 మందిలో ఒకరికి వ్యాధి తీవ్రమవుతుంది. వ్యాధి మెదడుకు సోకిన వారిలో 30 శాతం వరకు మరణించే ప్రమాదముంది. బతికిన వారిలో 30 నుంచి 50 శాతం మందికి శాశ్వత నాడీ వైకల్యం మిగులుతుంది. బాధితుల్లో పిల్లలే ఎక్కువ. దీనికి ప్రత్యేకమైన మందు లేదు.

డెంగీ కథ పూర్తిగా వేరు. దాని దోమ ఏడిస్‌. ఇది ఇంటి తొట్టిలో, పాత టైరులో నిలిచిన మంచినీటిలో పెరిగి పగలే కుడుతుంది. అందువల్ల ఏలూరు వీధుల్లో పొగ కొట్టినంత మాత్రాన చేలలోని దోమ తగ్గదు. చేలలో మందు చల్లినంత మాత్రాన డెంగీ ఆగదు. ఈ తేడా తెలియక వెచ్చించే సొమ్ము వృథాయే.

పొరపడితే ముప్పే

జ్వరం, ఫిట్స్‌ కనిపించిన ప్రతి కేసూ ఈ వ్యాధే అనుకోవడమూ ప్రమాదకరం. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో అస్వస్థులు కాగా, 183 మంది మృతిచెందారు. మొదట జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌గానే అనుమానించారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో చాందీపుర వైరస్‌ బయటపడింది. దాన్ని వ్యాప్తి చేసేది దోమ కాదు, ఇసుక ఈగ. అది పెరిగేది వరిచేలో కాదు, గోడల పగుళ్లలో, పేడకుప్పల చెంత.

జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది. కర్ణాటకలోని కోలార్‌లో లభించిన వైరస్‌ ఆధారంగా హైదరాబాద్‌కు చెందిన భారత్‌ బయోటెక్‌ రూపొందించిన జెన్‌వాక్‌ టీకా 2013లో విడుదలైంది. వ్యాధి ప్రబలిన జిల్లాల్లో 9 నెలల వయసు నిండిన తర్వాత ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి పిల్లలకు టీకా వేస్తారు. ఏ జిల్లాను ఈ జాబితాలో చేర్చాలన్నది కేసుల నమోదుపై ఆధారపడి ఉంటుంది. జ్వరంతో స్పృహ తప్పిన బిడ్డ వెన్నునీటినో, రక్తాన్నో పరీక్షకు పంపకపోతే అది ఈ వ్యాధేనని నిర్ధారణ కాదు.