భాగం 9: కొత్త క్రీడాకారుడి సత్తాను అంచనా వేయడం

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఆటగాడి సత్తాకూ, అతనికి వచ్చిన ఫలితానికీ మధ్య గల తేడాను వివరించగలుగుతారు.
• కొద్ది మ్యాచ్‌ల ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో లెక్కకట్టగలుగుతారు.
• ప్రత్యర్థి, జోడీ, వాతావరణం, వయసు అనే అంశాల ప్రభావాన్ని గుర్తించగలుగుతారు.
• ఒక కొత్త క్రీడాకారుడి విషయంలో తొందరపడకుండా నిర్ణయం తీసుకునే పద్ధతిని సూచించగలుగుతారు.

9.1 పరిచయం

రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి పదమూడేళ్ల అమ్మాయి జిల్లా స్థాయి బ్యాడ్మింటన్ పోటీలో గెలిచి వచ్చిందనుకుందాం. ఊరంతా మెచ్చుకుంటుంది. "అమ్మాయిని హైదరాబాద్ అకాడమీలో చేర్పించండి" అని కొందరంటారు. "చదువు పాడవుతుంది, ఒక్క కప్పుకే ఇంత హడావుడా?" అని మరికొందరంటారు. తల్లిదండ్రులు చివరికి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడినే అడుగుతారు. "నిజం చెప్పండి మాస్టారూ, మా పిల్లలో అంత సత్తా ఉందా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక కాదు. లేని సత్తాను ఉందంటే ఆ కుటుంబం అప్పులపాలు కావచ్చు, పిల్ల చదువూ దెబ్బతినవచ్చు. ఉన్న సత్తాను లేదంటే ఆ పిల్లకు మళ్లీ అవకాశం రాకపోవచ్చు. కాబట్టి జవాబు ఊహ మీద కాక ఆధారం మీద నిలవాలి. ఆ ఆధారాన్ని ఎలా తూచాలో ఈ భాగంలో చూద్దాం. ఉదాహరణగా అమలాపురంలో పుట్టి, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1 స్థానానికి చేరిన రాంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ క్రీడా జీవితాన్ని తీసుకుందాం.

9.2 సత్తా, ఫలితం

సత్తా కంటికి కనిపించదు. మనకు కనిపించేది ఫలితం మాత్రమే. ఒక ఫలితంలో ఆటగాడి సత్తాతో పాటు ప్రత్యర్థి బలం, జోడీ సహకారం, ఆడిన పరిస్థితులు, అదృష్టం కూడా కలిసి ఉంటాయి. వడ్లు కొనేవాడు బస్తా బరువు చూసి ఊరుకోడు. తేమ ఎంత, తాలు ఎంత అని చూసి ధర కడతాడు. ఫలితాన్ని కూడా అలాగే విడదీసి చూడాలి. అందుకు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని ఆటలు చూశాం? ఎవరి మీద, ఎంత తేడాతో? ఎవరితో కలిసి? ఎక్కడ, ఏ వయసులో?

9.3 ఎన్ని ఆటలు చూశాం?

32 మంది ఆడే నాకౌట్ పోటీని ఊహించండి. అందరి సత్తా సరిగ్గా సమానం, ప్రతి మ్యాచ్‌నూ బొమ్మా బొరుసా వేసి తేల్చారు అనుకుందాం. అయినా ఎవరో ఒకరు వరుసగా 5 మ్యాచ్‌లు గెలిచి కప్పు అందుకుంటారు. పోటీ పద్ధతే ఒక విజేతను తయారుచేస్తుంది. కాబట్టి వరుసగా ఐదు విజయాలు వచ్చినంత మాత్రాన సత్తా రుజువైనట్లు కాదు.

ఇంకో లెక్క చూడండి. ప్రతి మ్యాచ్‌లో గెలిచే అవకాశం 50 శాతమే ఉన్న సాధారణ ఆటగాడు 5 మ్యాచ్‌లలో 4 గానీ 5 గానీ గెలిచే అవకాశం 32లో 6, అంటే సుమారు 19 శాతం. అటువంటివారు ఇరవై మంది ఉంటే దాదాపు నలుగురు మెరుపుల్లా కనిపిస్తారు. దీనికి మరో వైపు కూడా ఉంది. నిజంగానే 70 శాతం గెలిచే సత్తా ఉన్న ఆటగాడు 5 మ్యాచ్‌లలో రెండు లేదా అంతకంటే తక్కువ గెలిచే అవకాశం సుమారు 16 శాతం. అంటే మంచి ఆటగాళ్లలో ఆరుగురికి ఒకరు మొదటి ఐదు ఆటల్లో నిరాశపరుస్తారు.

ఈ చిక్కును తగ్గించే సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఆటగాడి ఖాతాలో 10 ఊహా మ్యాచ్‌లు చేర్చి, వాటిలో 5 గెలిచినట్లు, 5 ఓడినట్లు రాయండి. ఆ తరువాత శాతం కట్టండి. ఈ 10 అనే సంఖ్యను ఇక్కడ ఉదాహరణ కోసమే ఎంచుకున్నాం.

ఆటగాడు క: 5 ఆడి 4 గెలిచాడు. మామూలు లెక్కలో 80 శాతం. సవరించిన లెక్కలో 15కు 9, అంటే 60 శాతం.
ఆటగాడు చ: 50 ఆడి 35 గెలిచాడు. మామూలు లెక్కలో 70 శాతం. సవరించిన లెక్కలో 60కి 40, అంటే సుమారు 67 శాతం.

మొదట వెనుకబడినట్లు కనిపించిన 'చ' ఇప్పుడు ముందున్నాడు. ఆధారం తక్కువగా ఉన్నప్పుడు అంచనాను సగటు వైపు జరపాలి. ఆధారం పెరిగేకొద్దీ ఊహా మ్యాచ్‌ల ప్రభావం దానంతట అదే తగ్గిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని భాగం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
ఒక ఆటగాడు 10 మ్యాచ్‌లు ఆడి 8 గెలిచాడు. పై పద్ధతిలో అతని సవరించిన గెలుపు శాతం ఎంత?

9.4 ఎవరి మీద, ఎంత తేడాతో?

సాత్విక్ 2000 ఆగస్టు 13న పుట్టాడు. ముంబైకి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి 2019 ఆగస్టు 4న థాయిలాండ్ ఓపెన్ గెలిచేనాటికి అతనికి ఇంకా పంతొమ్మిదేళ్లు నిండలేదు. భారత పురుషుల జోడీకి సూపర్ 500 స్థాయి టైటిల్ రావడం అదే మొదటిసారి. ఫైనల్‌లో ఓడిన లీ జున్‌హుయ్, లియు యుచెన్ 2018 ప్రపంచ చాంపియన్లు. అటువంటివారి మీద వచ్చిన ఒక విజయం బలహీనుల మీద వచ్చిన పది విజయాలకంటే ఎక్కువ చెబుతుంది.

ఇక తేడా చూద్దాం. ఆ ఫైనల్ స్కోరు 21–19, 18–21, 21–18. కూడి చూస్తే భారత జోడీకి 60 పాయింట్లు, చైనా జోడీకి 58. అంటే 118 ర్యాలీలలో తేడా రెండే. కప్పు ఒకరికే దక్కినా, ఆనాటి ఆట ఇద్దరినీ దాదాపు సమానంగా చూపింది. ఆ తరువాత ఈ జోడీకి మరో వరల్డ్ టూర్ టైటిల్ 2022 జనవరిలో ఇండియా ఓపెన్‌తోనే వచ్చింది. మధ్యలో కోవిడ్ వల్ల పోటీలు ఆగిన కాలమూ ఉంది. థాయిలాండ్ విజయం చూసి "ఇక ప్రతి కప్పూ మనదే" అన్నవారూ, తరువాతి విరామం చూసి "అది గాలివాటం గెలుపు" అన్నవారూ ఒకే పొరపాటు చేశారు. ఇద్దరూ ఒక్క ముక్కనే చూసి మొత్తం తేల్చేశారు.

టోక్యో ఒలింపిక్స్ దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ. గ్రూపు దశలో సాత్విక్, చిరాగ్ చైనీస్ తైపీకి చెందిన లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌లను 21–16, 16–21, 27–25తో ఓడించారు. బ్రిటన్ జోడీని కూడా గెలిచారు. ఇండోనేషియా జోడీ చేతిలో ఓడారు. మూడు జోడీలు రెండేసి మ్యాచ్‌లు గెలిచి సమానమయ్యాయి. అప్పుడు గెలిచిన గేములకూ ఓడిన గేములకూ మధ్య తేడా చూశారు. భారత జోడీ మూడు మ్యాచ్‌లలో 2–1, 0–2, 2–0గా మొత్తం 4 గేములు గెలిచి 3 ఓడింది. ఆ లెక్కలో మూడో స్థానంలో మిగిలి ఇంటిదారి పట్టింది. భారత జోడీ చేతిలో ఓడిన లీ యాంగ్, వాంగ్ చి-లిన్ చివరికి స్వర్ణం గెలిచారు. రికార్డు పుస్తకంలో "గ్రూపు దశలోనే నిష్క్రమణ" అని ఉంటుంది. ఆటను చదివినవారికి మాత్రం స్వర్ణ స్థాయి దగ్గరలోనే ఉందని అర్థమవుతుంది.

ప్రత్యర్థి విషయంలో ఇంకొక మెలకువ కూడా అవసరం. మలేసియాకు చెందిన ఆరోన్ చియా, సో వూయి యిక్ చేతిలో మన జోడీ వరుసగా 8 సార్లు ఓడింది. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో జరిగిన ఇండోనేషియా ఓపెన్ ఫైనల్‌లో 21–17, 21–18తో గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో మళ్లీ అదే జోడీ చేతిలో ఓడింది. కొన్ని ఆటతీరులు కొందరికి కొరకరాని కొయ్యలు. ఒక్క ప్రత్యర్థి మీది లెక్కతో మొత్తం సత్తాను కొలవకూడదు.

9.5 ఎవరితో కలిసి?

డబుల్స్‌లో, జట్టు ఆటల్లో ఫలితం ఒక్కరిది కాదు. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ కోర్టు వెనుక నుంచి బలంగా స్మాష్ కొట్టే ఆటగాళ్లు. వారిని జోడీగా కలిపింది అప్పటి డబుల్స్ కోచ్, మలేసియాకు చెందిన టాన్ కిమ్ హర్. ఒకే రకం ఆటగాళ్లు ఇద్దరు కలిసినప్పుడు నెట్ దగ్గర ఎవరుండాలన్న చిక్కు వస్తుంది. అది సర్దుకోవడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో వచ్చే ఓటములను ఒకరి ఖాతాలో వేస్తే అన్యాయమవుతుంది.

ఒకరి పాలు ఎంతో తెలుసుకోవడానికి మంచి మార్గం, జోడీ మారినప్పుడు ఏం జరిగిందో చూడటం. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ టీమ్ ఫైనల్‌లో పదిహేడేళ్ల సాత్విక్, అశ్విని పొన్నప్పతో కలిసి మలేసియాకు చెందిన చాన్ పెంగ్ సూన్, గో లియు యింగ్‌ల మీద గెలిచాడు. వారు రియో ఒలింపిక్స్ రజత విజేతలు. వేరే జోడీతో, వేరే విభాగంలో కూడా ఆట నిలబడిందంటే అందులో అతని సొంత పాలు గట్టిదే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేసేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. బంతిని ఎవరికి, ఎప్పుడు విసరాలో క్షణాల్లో తేల్చుకోవలసిన ఆటగాడే క్వార్టర్‌బ్యాక్. అతన్ని కాచేవారు, బంతిని అందుకునేవారు బలహీనులైతే అతనూ బలహీనుడిలాగే కనిపిస్తాడు. 1998లో పేటన్ మానింగ్ తన మొదటి సీజన్‌లో 28 సార్లు బంతిని ప్రత్యర్థుల చేతికి విసిరాడు. అతని జట్టు 3 గెలిచి 13 ఓడింది. మరుసటి ఏడాది అదే జట్టు 13 గెలిచి 3 ఓడింది. తరువాతి కాలంలో అతను లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారాన్ని 5 సార్లు అందుకున్నాడు. మొదటి ఏడాది అంకెలు అబద్ధం కాదు, కానీ అవి సగం కథే.

9.6 ఎక్కడ, ఏ వయసులో?

కోనసీమ ఊళ్లలో చాలామంది పిల్లలు ఆరుబయట మట్టి కోర్టులో, నైలాన్ షటిల్‌తో ఆడతారు. పెద్ద పోటీలు ఇండోర్ హాలులో, ఈకల షటిల్‌తో జరుగుతాయి. రెండింటి వేగం, పడే తీరు వేరు. వేడి గాలిలో షటిల్ మరింత దూరం పోతుంది. అలవాటు లేని హాలులో ఒక పిల్ల మొదటి రోజు ఓడితే అది సత్తా లోపమో, అలవాటు లోపమో వెంటనే చెప్పలేం. కనీసం కొన్ని వారాలు అక్కడ ఆడనిచ్చి చూడాలి.

వయసు విభాగాలను ఒక తేదీతో లెక్కిస్తారు. ఒకే విభాగంలో దాదాపు ఏడాది తేడా ఉన్న పిల్లలు తలపడతారు. పదమూడేళ్ల వయసులో ఏడాది అంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. ముందే ఎదిగిన పిల్ల గెలుపులో కొంత పాలు వయసుది.

ఒకే ఒక్క కొలతకు మురిసిపోవడం కూడా ప్రమాదమే. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కి.మీ. వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతకుముందు రికార్డు 493 కి.మీ. అయితే ఈ వేగాన్ని కొలిచింది మ్యాచ్‌లో కాదు, పరీక్ష కోసం ఏర్పాటు చేసిన చోట. మ్యాచ్‌లో స్మాష్‌కు ముందు సర్వీసు, రిటర్న్, నెట్ దగ్గర ఎత్తుగడ ఉంటాయి. వేగం సత్తాలో ఒక భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
జోడీ ఆటలో ఒకరి సొంత పాలును గుర్తించడానికి ఏ ఆధారం ఉపయోగపడుతుంది?

9.7 అంచనా నుంచి నిర్ణయానికి

ఎంపికలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. సత్తా లేనివారిని తీసుకోవడం ఒకటి, ఉన్నవారిని వదిలేయడం రెండోది. మొదటి తప్పు కొన్నాళ్లకు అందరికీ కనిపిస్తుంది. రెండోది ఎవరికీ కనిపించదు, ఎందుకంటే వదిలేసిన పిల్ల మళ్లీ కోర్టులోకి రాదు. అందుకే రెండో తప్పును ఎంపికదారులు తేలిగ్గా మరచిపోతారు. మీరు మరచిపోకూడదు.

తల్లిదండ్రులకు "ఉంది", "లేదు" అని ఒక్క మాటలో తీర్పు చెప్పే బదులు ఈ మెట్లు సూచించండి.
• కనీసం ఒక సీజన్ పాటు ప్రతి మ్యాచ్ స్కోరు, ప్రత్యర్థి వివరం ఒక నోటుపుస్తకంలో రాయించండి.
• తనకంటే బలమైనవారితో ఆడే అవకాశం కల్పించండి. ఓడినా పాయింట్ల తేడా తగ్గుతోందా చూడండి.
• మొదట వెనక్కి తీసుకోగలిగిన అడుగు వేయండి. చదువు మాన్పించకముందు సెలవుల శిక్షణ శిబిరానికి పంపడం అటువంటిదే.
• ఆరు నెలలకోసారి అంచనాను తిరిగి రాయండి. పాత అంచనాను కాపాడుకోవడం కోసం కొత్త ఆధారాన్ని పక్కన పెట్టకండి.

సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆటను దగ్గరగా గమనించేవారు ఇంట్లోనే ఉండటం అతనికి కలిసివచ్చింది. అతను 2014లో గోపీచంద్ అకాడమీలో చేరాడు. ప్రపంచ నంబర్ 1 స్థానం 2023 అక్టోబరులో, హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం తరువాత వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్లు గడిచాయి. అన్నేళ్ల గెలుపోటములు చూశాక తేలిన విషయాన్ని మొదటి కప్పు నాడే చెప్పగలమనుకోవడం సరికాదు. అలాగని అందరు పిల్లలూ సాత్విక్ కాలేరు. అకాడమీలో చేరి పైకి రానివారి పేర్లు మనకు తెలియవు కాబట్టి, గెలిచిన ఒక్కరి కథనే దారిగా చూపడం కూడా పొరపాటే.

9.8 సారాంశం

తొలి ఫలితాలలో సత్తాతో పాటు ప్రత్యర్థి, జోడీ, పరిస్థితులు, వయసు, అదృష్టం కలిసి ఉంటాయి. ఆటలు తక్కువైతే అంచనాను సగటు వైపు జరపాలి. గెలుపోటములతో పాటు పాయింట్ల తేడాను చూడాలి. అంచనాను కొత్త ఆధారంతో మారుస్తూ ఉండాలి. నిర్ణయాన్ని చిన్న మెట్లుగా విడగొట్టాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. (8 + 5) ను (10 + 10) తో భాగిస్తే 20కి 13, అంటే 65 శాతం.
2. జోడీ మారినప్పుడు వచ్చిన ఫలితాలు. వేరే జోడీతో కూడా ఆట నిలబడితే సొంత పాలు ఎక్కువని భావించవచ్చు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సత్తాకూ ఫలితానికీ గల తేడాను టోక్యో ఒలింపిక్స్ ఉదాహరణతో వివరించండి.
2. కొత్త క్రీడాకారుల ఎంపికలో జరిగే రెండు రకాల తప్పులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాకౌట్ పోటీ విజేతను చూసి సత్తాను తేల్చడం ఎందుకు సరికాదు?
2. మీ ఊరి బడిలో ఆడే ఒక విద్యార్థి 10 మ్యాచ్‌ల స్కోర్లు సేకరించి, మొత్తం పాయింట్ల తేడాను లెక్కకట్టి, మీ అంచనా రాయండి.