మౌస్ లేకున్నా సర్వరే!
పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకుంటే చాలు... సొంత వెబ్‌సైట్‌ని ఇంట్లోంచే నడిపించొచ్చు. మరి దానికి బొమ్మలూ ఐకాన్లూ కనిపించే డెస్క్‌టాప్ కావాలా? అక్కర్లేదు. అడిగినవాళ్లకి పేజీలు అందించడమే సర్వర్ పని. ఎవరూ చూడని డెస్క్‌టాప్‌కి మెమరీ ఖర్చు దండగే. 2012లో వచ్చిన తొలి రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఉన్న ర్యామ్ 256 ఎంబీనే మరి! పైగా ప్రోగ్రాములు పెరిగేకొద్దీ హ్యాకర్లు దూరే సందులూ పెరుగుతాయి. డెస్క్‌టాప్ లేకపోతేనేం, 'ఎస్ఎస్‌హెచ్'తో మరో కంప్యూటర్ నుంచి ఆదేశాలు టైప్ చేయొచ్చు.

కొత్తవాళ్లు డెస్క్‌టాప్‌తో మొదలుపెడితే తప్పేం లేదు. 1990లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ సర్వర్‌ని నడిపిందీ మౌస్ ఉన్న నెక్స్ట్ కంప్యూటర్ మీదే. ఎవరైనా కట్టేస్తారేమోనని, 'ఇది సర్వర్... ఆపొద్దు' అంటూ ఎర్ర సిరాతో రాసిన చీటీ దానికి అంటించారు. కరెంటు పోయే మన ఇళ్లలో చీటీతోపాటు యూపీఎస్ కూడా ఉండాలి!